బోల్టు తలవ్రాత

తెలుగు పాఠం చెప్పుకొనేవారికి నట్లతో, బోల్టులతో ఏమి పని అని మా విద్యార్థులు నవ్వుకొనవచ్చును. ఛందస్సులోని గణాలు విడిచి ఇనుపసామాను లెక్కలు పట్టినారేమని పాలకవర్గంవారు కూడ అనుకొనవచ్చును. మాకు ఆ పని కోరి రాలేదు. మూడేండ్ల క్రిందటి వేసవిలో మా మేనమామగారి బోరుబావి మమ్ములను ఆ పనిలోనికి దించినది.

ఆయనకు అనంతసాగరం మండలంలోనే కొద్దిపాటి నిమ్మతోట కలదు. ఆ యేడు మే నెలలో నాలుగు వందల అడుగుల లోతున ఉన్న మోటారు కాలిపోయినది. దానిని పైకి తీయడానికి పనివారు మూడుకాళ్ల స్టాండు నిలిపి, చైన్‌పుల్లీ తగిలించి, రెండున్నర అంగుళాల ఇనుప పైపులను ఒక్కొక్కటిగా పైకి లాగుచున్నారు. పై పైపును విప్పే సమయంలో క్రిందనున్న పైపుల బరువంతయు ఒక క్లాంపు మోయవలెను. క్లాంపనగా రెండు ఇనుప దవడలు. వాటిని పైపుకు ఇరువైపులా పెట్టి రెండు బోల్టులతో బిగిస్తారు. సాధారణంగా దానిని సాకెట్టు క్రింద పెడతారు, సాకెట్టు దానిపై కూర్చుంటుంది. ఆ రోజు సాకెట్టు కేసింగు లోపలనే ఉండిపోయినందున నున్నటి పైపు నడుమునే పట్టవలసి వచ్చినది.

క్లాంపు పాత బోల్టులు తుప్పుపట్టి ఉండుటచేత పనివాడు ఆ ఉదయమే కొత్తవి కొని తెచ్చినాడు. వెండిలాగ మెరుస్తున్నవి. "స్టీలు బోల్టులు సాయిబన్నా, జన్మలో తుప్పు పట్టవు" అన్నాడు. మామూ సంతోషించి అదనపు డబ్బు ఇచ్చినారు. మేమును ప్రక్కనే నిలబడి తల ఊపినాము. రెండవ పైపు విప్పుచుండగా క్లాంపు ఒక్కసారి జారినది. చేయి తీయుటకు మాత్రమే వ్యవధి దొరికినది; పైపులు, మోటారు, కేబులు అన్నియు బోరులోనికి పోయినవి. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ బోరు మాత్రం మరల పనికిరాలేదు.

ఆ రెండు బోల్టులను జేబులో వేసుకొని ఆత్మకూరులో పంపుసెట్లు బాగుచేసే ఒక వృద్ధ ఉస్తాద్ దగ్గరకు పోయినాము. ఆయన వాటిని చూసి మొదట అడిగిన మాట, "తల మీద ఏమి వ్రాసి ఉన్నది?" అని. ఏమియు వ్రాసి లేదు. రెండవ బోల్టు మరల నడుమ సన్నబడి సాగి ఉన్నది. మొదటి దానికి నట్టు సగంలోనే పట్టుకొని, ముందుకు గాని వెనుకకు గాని తిరుగుట లేదు. ఆ పూట ఆయన చెప్పినదానికి తరువాత గ్రంథాలలో మేము చదివినదానిని కలిపి ఇక్కడ వ్రాయుచున్నాము.

ముందుగా నల్లని సాధారణ ఉక్కు బోల్టు సంగతి. దాని తలపై 4.6 అనియో, 8.8 అనియో, 10.9 అనియో అచ్చువేసి ఉంటుంది. ఇది దశాంశ భిన్నము కాదు. చుక్కకు రెండు వైపులా ఉన్నవి రెండు వేరు సంఖ్యలు. మొదటి సంఖ్యను నూరుతో హెచ్చించితే బోల్టు తెగే బలం వస్తుంది, చదరపు మిల్లీమీటరుకు ఇన్ని న్యూటన్లని. రెండు సంఖ్యలనూ ఒకదానితో ఒకటి హెచ్చించి, మరల పదితో హెచ్చించితే అది శాశ్వతంగా సాగనారంభించే హద్దు వస్తుంది. 8.8 అనగా తెగే బలం 800, సాగే హద్దు 640. 4.6 అనగా 400, 240. తెగుట కన్నా సాగే హద్దే మనకు ముఖ్యము. బోల్టు పని బిగించి పట్టుకొనుట. సాగిన బోల్టు తెగకపోయినను పట్టు విడిచినట్లే.

స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టుల లిపి వేరు. వాటి తలపై ఎ2-70, ఎ4-80 వంటి ముద్ర ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3506లోనూ, మన భారతీయ ప్రమాణం ఐఎస్ 1367 పద్నాలుగవ భాగంలోనూ ఈ పద్ధతియే కలదు. ముందున్న అక్షరమును, అంకెను కలిపి చదివితే లోహము ఏ జాతిదో తెలుస్తుంది. గీత తరువాతి సంఖ్య బలం తరగతి. ఆ సంఖ్యను పదితో హెచ్చించితే తెగే బలం: 50 అనగా 500, 70 అనగా 700, 80 అనగా 800.

చదువుకొన్నవారు కూడ మోసపోయే చోటు ఇదియే. 8.8 ప్రక్కన 70 చూస్తే 70 ఎంతో పెద్దదిగా కనపడుతుంది. కాని 8.8 బోల్టు 800 వద్ద తెగితే, 70 బోల్టు 700 వద్దనే తెగవచ్చును. సాగే హద్దు ఈ ముద్రను చూసి లెక్కకట్టుటకు వీలులేదు, పట్టికలో చూడవలెను. ఎ జాతి బోల్టులకు ఆ హద్దు 50 తరగతిలో 210, 70లో 450, 80లో 600.

మామూగారి క్లాంపు బోల్టు ఎం12, అనగా పన్నెండు మిల్లీమీటర్లది. మరల లోతు పోగా బరువు మోసే దాని అడ్డుకోత వైశాల్యం 84.3 చదరపు మిల్లీమీటర్లు. విద్యార్థులు కాగితం, కలం తీసుకొని మాతో కూడ లెక్క చేయవలెనని కోరుచున్నాము. 8.8 బోల్టు అయితే 640ని 84.3తో హెచ్చించగా దాదాపు 54,000 న్యూటన్లు, అనగా అయిదున్నర టన్నుల లాగుడు వరకు సాగదు. ఎ4-80 అయితే అయిదు టన్నులకు కొంచెము పైన. ఎ2-70 అయితే మూడు టన్నుల ఎనిమిది వందల కిలోలకు పైన. ఎ2-50 అయితే ఒక టన్ను ఎనిమిది వందల కిలోలు మాత్రమే. దుకాణంలో అన్నిటికన్న చవకగా దొరికే 4.6 నల్ల బోల్టే రెండు టన్నుల వరకు నిలుస్తుంది. మెరిసే బోల్టు దానికన్న బలహీనమైనది కావచ్చునన్న మాట.

ఇక క్లాంపుకు ఎంత కావలెను? నాలుగు వందల అడుగుల పైపులు, మోటారు, పైపులలో నిలిచిన నీరు కలిసి సుమారు టన్నుంపావు అనుకొందము. క్లాంపు పైపును పట్టుకొనేది ఘర్షణ చేతనే. తడి, జిడ్డు ఉన్న ఇనుము మీద ఘర్షణ గుణకం 0.15 అనుకొంటే, రెండు దవడలు, రెండు బోల్టులు కలిసి ఒక బోల్టు లాగుడుకు 0.6 వంతు బరువును నిలుపగలవు. టన్నుంపావు నిలుపవలెనంటే ఒక్కొక్క బోల్టు రెండు టన్నులకు పైగా లాగి పట్టవలెను. ముద్ర లేని ఆ మెరుపు బోల్టు 50 తరగతిదే అనుకొన్నను, అంత లాగక ముందే అది సాగుతుంది. బరువు మన కళ్లకు టన్నుంపావుగానే కనపడినది. బోల్టుకు మాత్రం అంతకు ఒకటిన్నర రెట్లకు పైగా పని పడినది.

తుప్పుపట్టనిది బలంలో ఎందుకు తగ్గినది? 8.8 బోల్టును ఎర్రగా కాల్చి ముంచి, మరల కొంత వేడిచేసి తయారుచేస్తారు. కొడవలికి కమ్మరి పదును పెట్టడమూ ఇట్టిదే. ఎ జాతి స్టెయిన్‌లెస్‌కు ఆ పదును పట్టదు. అందులో సుమారు 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు ఉండుటచేత దాని లోపలి అమరికయే వేరు. కాల్చి ముంచితే మరింత మెత్తబడుతుంది. దానిని గట్టిపరచే మార్గం చల్లగా ఉండగానే లాగుట, నొక్కుట. ఇత్తడి బిందెకు కంచరి సుత్తిదెబ్బలు పడిన కొలదియు రేకు గట్టిపడుట చూచియే యున్నాము. 50 తరగతి మెత్తని స్థితిలోనిది. 70, 80 ఈ విధంగా గట్టిపరచినవి. కాబట్టి 70 బోల్టు బిగుసుకొన్నదని దానిని గ్యాసుమంటతో ఎర్రగా కాల్చి తీసి, మరల అదే బోల్టును వాడరాదు. తలపై 70 అనే ముద్ర అట్లే ఉంటుంది, బలం మాత్రం 50 వైపునకు జారిపోతుంది.

అయస్కాంతం అంటకపోతే అసలు స్టీలని దుకాణాలలో పరీక్ష చేస్తారు. చల్లగా నొక్కి గట్టిపరచిన ఎ2 బోల్టు కొంచెము అంటుకొనవచ్చును, అంతమాత్రాన అది నకిలీ కాదు. అసలు అంటనిది మెత్తని 50 అయినను కావచ్చును. అయస్కాంతం బలాన్ని గురించి ఏమియు చెప్పదు. తలవ్రాత చూడవలసినదే. ఆరు పలకల తల ఉన్న బోల్టు అయిదు మిల్లీమీటర్లు గాని అంతకు పైన గాని ఉంటే తయారీదారు గుర్తు, జాతి, తరగతి దాని మీద ఉండవలెనని ప్రమాణము. ఏ ముద్రయు లేని బోల్టుకు 50 తరగతి హామీ కూడ లేదు.

ఇప్పుడు సగంలో పట్టుకొన్న మొదటి బోల్టు సంగతి, అనగా మరల సంగతి. మన కళాశాలలో రెండు భాషలు ఉన్నవి గనుక ఒక మాట. ఉర్దూలో గాజును చూడీ అంటారు. షెడ్డులో బోల్టు మరను కూడ చూడీ అనియే అంటారు. చేతికి గాజు ఎక్కవలెనంటే కొంత వదులు ఉండవలెను, మరీ వదులైతే జారిపోతుంది. మరల తరగతులు పుట్టినది ఈ ఇబ్బందిలోనుంచే.

మెట్రిక్ మరలకు మన ప్రమాణం ఐఎస్ 4218. సాధారణ బోల్టు మర తరగతి 6జి, నట్టు మర తరగతి 6హెచ్. ఇందులో అంకె తయారీలో ఎంత హెచ్చుతగ్గులను ఒప్పుకొందుమో చెప్పుతుంది. అంకె చిన్నదైన కొలది పని నిక్కచ్చిగా ఉండవలెను. నాలుగు, అయిదు తరగతులు సూక్ష్మయంత్రాలకు, ఏడు, ఎనిమిది మోటు పనులకు, ఆరు నిత్యవ్యవహారానికి. అక్షరము బోల్టుకు, నట్టుకు నడుమ మొదటినుంచే విడువవలసిన సందును చెప్పుతుంది. ఆంగ్లంలో నట్టుకు పెద్దక్షరము, బోల్టుకు చిన్నక్షరము వ్రాస్తారు. హెచ్ అంటే సందు సున్న; జి అంటే కొద్ది సందు. ఎం12 బోల్టుకు ఆ సందు మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే 34 భాగాలు. తలవెంట్రుక మందములో దాదాపు సగము. కాబట్టి 6జి తరగతిలో పన్నెండు మిల్లీమీటర్ల బోల్టు నిజంగా పన్నెండు ఉండదు. దాని వెలుపలి వ్యాసము అత్యధికంగా 11.966, అత్యల్పంగా 11.701. మైక్రోమీటరుతో కొలిచి దుకాణదారునితో తగవు పెట్టుకొనేముందు ఇది తెలుసుకొనవలెను.

ఈ వెంట్రుకవాసి సందుతో సాధారణ ఉక్కు సుఖంగా తిరుగుతుంది. స్టెయిన్‌లెస్‌కు మాత్రం ఒక చెడ్డగుణం కలదు. దానిని తుప్పునుండి కాపాడేది పైనున్న కంటికి కనపడని క్రోమియము ఆక్సైడు పొర. నట్టు తిరిగేటప్పుడు మరల అంచులలో ఆ పొర గీసుకొని పోతే లోపలి లోహాలు రెండూ తాకి, నిప్పు లేకుండనే అతుక్కొంటవి. షెడ్డులో దీనిని నట్టు పట్టేసినదంటారు. దుమ్ము పడినను, మర గరుకుగా ఉన్నను, యంత్రపు స్పానరుతో వేగంగా తిప్పి వేడి పుట్టించినను ఇది త్వరగా జరుగుతుంది. పట్టేసిన తరువాత విప్పుటకు హాక్సా రంపమే గతి.

హాక్సా పని కన్న పెద్ద ప్రమాదము మరియొకటి కలదు. మనము స్పానరు మీద పెట్టే శ్రమలో సుమారు పదింట ఒక వంతు మాత్రమే బోల్టును లాగి పట్టుటకు వినియోగమవుతుంది, తక్కినదంతయు తల క్రింద, మరలలో ఘర్షణకు పోతుంది. నట్టు పట్టేస్తే ఆ ఒక వంతు కూడ పోతుంది. స్పానరు కదలదు, చేతికి బిగువు తెలుస్తుంది, "టైటయింది" అంటాము. క్లాంపు దవడలకు మాత్రం ఆ బిగువు చేరి ఉండదు. ఆ ఉదయము మొదటి బోల్టు ఏమియు మోయలేదు. మొత్తము బరువు రెండవ మెత్తని బోల్టు మీద పడినది. పనివాడు తన బలమంతా పెట్టి బిగించినాడు, అది మేము కళ్లారా చూచినాము. అతనిని తప్పు పట్టుటకు మాకు మనసు రాదు.

దీనికి మందు ఖరీదైనది కాదు. మరలకు మాలిబ్డినము డైసల్ఫైడు కలిసిన పేస్టు రాయవలెను; చేతితో మెల్లగా తిప్పవలెను; బిగువు అకాలంగా తోచితే అక్కడనే ఆపి వెనుకకు తీసి తుడువవలెను. బోల్టు ఎ2, నట్టు ఎ4 పెట్టినను కొంత మేలు. నట్టు తరగతి బోల్టు తరగతికి తక్కువ కారాదు. తగిన నట్టు ఉంటే మర ఊడక ముందే బోల్టు తెగునట్లు లెక్కకట్టి నట్టు ఎత్తును నిర్ణయించినారు. బోల్టు తెగితే కనపడుతుంది. లోపల సగం మర ఊడినది కనపడదు.

మరల తరగతికి, బలం తరగతికి ఏ సంబంధమును లేదు. 6జి అన్నంత మాత్రాన బోల్టు గట్టిది కాదు. 80 అన్నంత మాత్రాన అది నట్టులో సరిగా కూర్చొనదు. మా ప్రాంతంలో వేరొక చిక్కు కూడ ఉన్నది. తాతల నాటి ఆయిలింజన్లకు ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన అంగుళపు మరలు ఉంటవి. వాటి కోణము 55 డిగ్రీలు, నేటి మెట్రిక్ మరలది 60. అర అంగుళం విట్‌వర్త్ మర అంగుళానికి పన్నెండు చుట్లు. అమెరికా పద్ధతి యూఎన్‌సీ అయితే పదమూడు. ఒకదాని నట్టు మరొకదానికి రెండు చుట్లు ఎక్కి బిగుసుకొంటుంది, సరిపోయినదని భ్రమ కలుగుతుంది. వేడి జింకులో ముంచిన బోల్టులకు పూత మందము కోసము నట్టు మరను వెడల్పుగా కోస్తారు. ఆ నట్టును పూత లేని బోల్టుకు వేస్తే అంచులు మాత్రమే తాకుతవి.

కంటితో పోల్చి బోల్టు ఎంచుకొనుట ఎంత దూరము పోగలదో 1990 జూన్ 10న ఆకాశంలో తెలిసినది. ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నుండి స్పెయిన్ దేశపు మాలగాకు పోవుచున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానంలో, పదిహేడు వేల అడుగులకు పైన, కెప్టెను ఎదుటి అద్దము ఊడి ఎగిరిపోయినది. కెప్టెను నడుము వరకు బయటికి లాగబడినాడు. తోటివారు కాళ్లు పట్టుకొని ఉండగా సహపైలట్ విమానమును సౌతాంప్టన్‌లో దించినాడు, కెప్టెను బ్రతికినాడు. అంతకు ముందే ఆ అద్దమును మార్చి 90 బోల్టులు బిగించినారు. అందులో 84 బోల్టులు వ్యాసంలో అంగుళానికి వెయ్యింట 26 భాగాలు చిన్నవి, తక్కిన ఆరు పొడవు చాలనివి. పాత బోల్టును చేతపట్టుకొని దాని పోలికతో కొత్తవాటిని ఏరినారని విచారణలో తేలినది. సరియైనవానికి, చిన్నవానికి అంగుళానికి 32 మరలే ఉండుటచేత అవి తిరిగినవి, బిగుసుకొన్నట్లే తోచినవి.

ఇక గీతకు ముందరి అక్షరము. ఎ2 అనునది ఇంటిలో వాడే 304 రకపు స్టీలు జాతి. ఎ4లో రెండు పాళ్లకు పైగా మాలిబ్డినము కలుస్తుంది, అది 316 జాతి. ఎ1 లేతుపై సులువుగా తెగునట్లు గంధకము కలిపినది, తుప్పును అంతగా ఆపలేదు. సి, ఎఫ్, డి జాతులతో మనకు అరుదుగానే పని. అనంతసాగరంలో, సోమశిల జలాశయపు తీపినీటి ప్రక్కన ఎ2 చాలును. అదే బోల్టును తూర్పున తీరంలోని రొయ్యల చెరువులో ఏరేటరుకు బిగిస్తే ఉప్పునీటికి గోధుమరంగు మచ్చలు, గుంటలు పడుట మొదలుపెడుతుంది. అచ్చట ఎ4 వాడవలెను. తుప్పు కనపడకుండ తెగుట కూడ కలదు. స్విట్జర్లాండులోని ఊస్టర్ పట్టణంలో 1985 మే 9న ఈతకొలను పైకప్పు కూలి పన్నెండుమంది చనిపోయినారు. ఆ కాంక్రీటు కప్పును వ్రేలాడదీసినవి స్టెయిన్‌లెస్ కడ్డీలే. కొలను గాలిలోని క్లోరైడు, కడ్డీలోని నిత్యపు లాగుడు రెండూ కలిసి వాటిని లోలోపల చీల్చినవి.

మా విద్యార్థులలో ఐటిఐకి పోయేవారు, కృష్ణపట్నం ఓడరేవులోనో గల్ఫులోనో ఫిట్టర్లుగా చేరేవారు ఉన్నారు. ఇట్టి ముద్రలు వారికి మొదటి రోజుననే ఎదురుపడతవి. పాలకవర్గంవారికి మా మనవి వేరు. నీళ్లట్యాంకు స్టాండుకో, సైకిలు షెడ్డుకో కొటేషన్లు పిలిచేటప్పుడు "ఎస్ఎస్ బోల్టులు, మంచి రకము" అని వ్రాయుట మన వాడుక. ఆ మాటకు ఏ బోల్టు తెచ్చియిచ్చినను దుకాణదారుని తప్పు లేదు. "ఆరు పలకల బోల్టు, ఎం12, పొడవు 50, ఎ2-70, ఐఎస్ 1367 పద్నాలుగవ భాగము, మర 6జి, నట్టు ఎ2-70, మర 6హెచ్, తలపై ముద్ర ఉండవలెను" అని వ్రాస్తే ఒక వరుస పెరుగుతుంది, అంతే. సామాను వచ్చినప్పుడు తలలు చూచి దించుకొనుట అటెండరు కూడ చేయగల పని.

ఉస్తాద్ ఆ రోజు కొత్త క్లాంపుకు మెరిసే బోల్టులు ఇవ్వలేదు. జింకుపూత పూసిన 8.8 బోల్టులు రెండు ఇచ్చి, "పని అయిన తరువాత నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టుము, తుప్పు పట్టినచో పారవేయుము, యాభై రూపాయలు కూడ కావు" అన్నారు. ఎ2-70 బోల్టులను బోరు నోటి వద్ద ఫ్లాంజికి, స్టార్టరు పెట్టెకు వాడుమన్నారు. వానకు తడిసేవి, పెద్ద బరువు మోయనివి అవియే. మామూ మరుసటి యేడు పాత బోరుకు ముప్పై గజాల దూరంలో కొత్త బోరు వేయించినారు. పాత బోరు నోటికి ఒక ఇనుప మూత పెట్టి నాలుగు బోల్టులతో బిగించినారు. తలలమీద ఎ2-70 అని ఉన్నది. బిగించేముందు ఆయన కళ్లజోడు తెప్పించుకొని నాలుగింటినీ చదివినారు.